టిఫిన్ బండ్లు తీసేయడమా, జోన్‌కు తరలించడమా, ఉన్నచోటే నల్లా ఇవ్వడమా: వరంగల్‌కు ఏది మేలు?

వానలు మొదలై వాంతులు, విరేచనాలు, జ్వరాల కేసులు పెరిగాయని పేపర్లో రాగానే అందరి చూపూ రోడ్డు పక్క బండ్ల మీద పడుతుంది. కార్పొరేషన్ మీద ఒత్తిడి వస్తుంది. స్పెషల్ డ్రైవ్ పెడతారు, చలానాలు రాస్తారు, కొన్ని బండ్లను ట్రాక్టర్ ఎక్కిస్తారు. కొద్దిరోజులకు బండ్లు మళ్లీ అక్కడికే వస్తాయి, ఎందుకంటే తినేవాళ్లు అక్కడే ఉన్నారు.

బండ్లను తీసేయడం ఒక దారి. అన్నింటినీ ఒక వెండింగ్ జోన్‌లోకి, అంటే బండ్ల కోసమే కేటాయించిన చోటికి తరలించడం రెండోది. ఉన్నచోటనే నల్లా, మోరీ (మురుగు కాల్వ), చెత్తడబ్బా ఇచ్చి తనిఖీ చేయడం మూడోది. నేను మూడోదానివైపే ఉన్నాను. కానీ మొదటి రెండూ పనికొచ్చే చోట్లు కూడా మన ఊళ్లో ఉన్నాయి.

ముందు ఈ బండ్ల దగ్గర తినేదెవరో చూడాలి. ఎంజీఎం ఆసుపత్రికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి పేషెంట్లు వస్తారు. పేషెంటుతో పాటు ఇద్దరు, ముగ్గురు వస్తారు. మంచం మీద ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో అన్నం దొరుకుతుంది, బయట చెట్టు కింద కూర్చున్న తల్లికో అన్నకో దొరకదు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో రాత్రికి రాత్రే వచ్చిన రైతులు, హమాలీలు తెల్లారి తినేది బండి మీదనే. హన్మకొండలో కోచింగ్ సెంటర్ల చుట్టూ రూముల్లో ఉండే పిల్లలదీ అదే దారి. 2011 లెక్కల్లోనే 8 లక్షలు దాటిన ఊరు ఇది, ఇప్పుడు 66 డివిజన్ల గ్రేటర్. ఇంత ఊళ్లో తక్కువ డబ్బుకు వేడిగా కడుపు నింపే ఏర్పాటు బండ్లే చేస్తున్నాయి. వాటిని వ్యాపారంగానే చూస్తే సగమే చూసినట్టు.

తీసేస్తే

ఈ దారిలో ఉన్న మంచి వేగం. అంబులెన్స్ మలుపు తిరిగే చోట, నాలా మీద, స్కూల్ గేటుకు అడ్డంగా బండి ఉంటే తీయాల్సిందే. అక్కడ వాదనకు తావు లేదు.

రోగాల్ని ఆపడానికి మాత్రం డ్రైవ్ పెద్దగా ఉపయోగపడదు. దానికి కారణం రోగంలోనే ఉంది. టైఫాయిడ్ క్రిమి ఒంట్లోకి పోయాక జ్వరం బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇవాళ ఎంజీఎంలో చేరిన మనిషి ఎప్పుడో రెండు వారాల కింద ఎక్కడో తాగిన నీళ్ల వల్ల చేరాడు. అది పానీపూరీ బండి కావచ్చు, పెళ్లి భోజనం కావచ్చు, ఇంటి నల్లానే కావచ్చు. ఇవాళ కళ్లకు మురికిగా కనిపించిన బండిని ఎత్తుకుపోతే ఆ కారణం దొరకదు. పైగా టైఫాయిడ్ తగ్గిపోయి పైకి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొందరు ఆ క్రిమిని నెలల తరబడి బయటికి వదులుతూనే ఉంటారు. అలాంటి మనిషి స్టీల్ కౌంటర్ ఉన్న హోటల్లోనూ వండుతుండవచ్చు.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. రేపు బండి ఉంటుందో లేదో తెలియని మనిషి దాని మీద రూపాయి పెట్టుబడి పెట్టడు. మూత ఉన్న డ్రమ్ము కొనడు, చేతులు కడుక్కునే తొట్టి పెట్టడు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు సామాను తక్కువ పెట్టుకుంటారు, ఎప్పుడైనా సర్దుకొని పోవడానికి వీలుగా. డ్రైవ్‌ల వల్ల శుభ్రత పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

చట్టం కూడా దీనికి ఒప్పుకోదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి. అది పూర్తికాకుండా ఖాళీ చేయించకూడదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకైతే చార్జీ కట్టి అడిగిన రోజే తిరిగివ్వాలి. ఇది బండి నడిపే చాలామందికి తెలియదు, చెప్పేవాళ్లూ లేరు.

ఒకచోటికి తరలిస్తే

వెండింగ్ జోన్ ఆలోచన మంచిది. నీళ్లు, లైట్లు, మోరీ, పార్కింగ్ అన్నీ ఒకచోట ఉంటాయి. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒక్క సాయంత్రంలో అందర్నీ చూడగలడు. కుటుంబంతో బైకు మీద వచ్చి చాట్, ఫాస్ట్‌ఫుడ్, ఐస్‌క్రీమ్ తినేవాళ్లు ఎంత దూరమైనా వస్తారు. అందుకని సాయంత్రం వ్యాపారానికి ఇదే సరైనదని నా అభిప్రాయం.

పొద్దుటి టిఫిన్ సంగతి వేరు. ఇడ్లీ బండి బేరం పొద్దున నాలుగైదు గంటలే. కొనేవాళ్లు నడిచి పోతూ ఆగేవాళ్లు. ఎంజీఎం గేటు దగ్గర కూర్చున్న అటెండెంటు ఇడ్లీ కోసం ఆటో మాట్లాడుకొని జోన్‌కు పోడు. బండిని కిలోమీటరు అవతలికి పంపితే ఆ బేరం పోతుంది, రెండు నెలల్లో వేరే మనిషి వేరే బండితో పాత చోటికే వస్తాడు. పాతవాళ్ల పొట్ట కొట్టినట్టు అవుతుంది, ఫుట్‌పాత్ మాత్రం ఖాళీ కాదు.

జోన్‌లో ఆరోగ్యపరంగా కూడా ఒక ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అందరికీ ఒకే ట్యాంకు, ఒకే పైపు ఉంటుంది. ఆ ట్యాంకు కడగకపోయినా, పైపు మోరీలో పగిలినా అక్కడున్న బండ్లన్నీ ఒక్క రోజే రోగం పంచుతాయి. విడివిడిగా ఉంటే ఒక చోట తప్పు ఒక చోటనే ఆగుతుంది. జోన్ కట్టి రిబ్బన్ కట్ చేస్తే పని అయిపోదు. ఆ ట్యాంకును కనిపెట్టుకొని ఉండే మనిషిని కూడా నియమించాలి.

నల్లాను బండి దగ్గరికి తెస్తే

ఏ బండి దగ్గరైనా ఒక పూట నిలబడి ప్లేట్లు కడిగే తీరు చూడండి. రెండు బకెట్లుంటాయి. మొదటి దాంట్లో ఎంగిలి ప్లేటు ముంచి పీచుతో రుద్దుతారు, రెండో దాంట్లో జాడిస్తారు. ఆరు గంటలకు రెండో బకెట్లో నీళ్లు తేటగా ఉంటాయి. ఎనిమిదిన్నరకు చట్నీ రంగు వస్తుంది, పైన నూనె తేలుతుంది. అయినా పారబోయరు. ఎందుకంటే ఆ నీళ్లు రెండు వీధుల అవతలి నుంచి మోసుకొచ్చినవి. తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్ కొంటారు, దాన్ని కడగడానికి వాడరు. ప్లేటు మీద ప్లాస్టిక్ కవర్ వేసి పెట్టడం కూడా ఈ నీళ్ల కరువు వల్లనే వచ్చింది. ఆ కవర్లు చివరికి పోయేది మోరీలోకే.

"నీళ్లుంటే నేను గంటకోసారి మారుస్త తమ్మీ, మోసేటందుకు నాకు రెండు చేతులే గదా" అని ఇడ్లీ బండి నడిపే ఒక అక్క అన్నది. ఆ మాటలో సాకు ఏమీ లేదు. గిన్నెలు కడగడం రాక కాదు, నీళ్లు లేకనే కడగడం లేదు. ఈ తేడా తెలియకుండా చేసే అవగాహన సదస్సులు ఎన్నయినా వృథా.

అందుకే ఎనిమిది, పది బండ్లున్న ప్రతి చోటా ఒక నల్లా, దాని కింద సిమెంటు గద్దె, అక్కడి నుంచి మోరీకి పైపు, పక్కన తడి చెత్తకు డబ్బా ఉండాలి. ఇది సాధ్యమేనా అనేవాళ్లు మేడారం జాతరను గుర్తు చేసుకోవాలి. రెండేళ్లకోసారి జంపన్నవాగు ఒడ్డున వరుసగా నల్లాలు బిగించి లక్షల మందికి స్నానాలకు నీళ్లందిస్తారు. అడవి మధ్య నాలుగు రోజుల కోసం చేయగలిగిన పని నగరం నడిబొడ్డున ఏడాది పొడవునా చేయలేమా?

నల్లా ఇచ్చాక తనిఖీకి అర్థం వస్తుంది. నీళ్లిచ్చాం కాబట్టి నీళ్ల గురించి అడిగే హక్కు ఉంటుంది. నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన దేశ ప్రమాణం. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు, మూడు చుక్కల మందు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తుంది, నిమిషంలో తేలిపోతుంది. ఇడ్లీ వేడివేడిగా దించినంతసేపు భయం లేదు. పొద్దున రుబ్బి పది దాకా ఎండలో పెట్టిన కొబ్బరి చట్నీ, నీళ్లు కలిపిన పల్లీ చట్నీ చూడాలి. డబ్బులు పట్టిన చేత్తోనే గారె తీసి పెడుతున్నారా చూడాలి. మిగిలింది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్. నల్లా దగ్గరే ఒక రోజు కూర్చొని అందరికీ అక్కడికక్కడే చేయించవచ్చు.

ఇబ్బందులు లేవని అనను. నల్లా పగిలి నీళ్లు నిలిస్తే దోమలకు మనమే ఇల్లు కట్టినట్టు. తిప్పే పిడి ఊడిపోతే ఎవరు బాగుచేయాలన్న గొడవ వస్తుంది. అన్నిటికంటే న్యాయమైన అభ్యంతరం దుకాణాల వాళ్లది. "మేం అద్దె కడుతున్నం, ట్రేడ్ లైసెన్స్ తీసుకున్నం, ట్యాక్స్ కడుతున్నం. మా ముందే బండికి నల్లా ఇస్తారా?" అంటారు. వాళ్ల కోపంలో నిజం ఉంది. దానికి పరిష్కారం బండిని తీసేయడం కాదు, బండికీ లెక్క కట్టించడం. ఐడీ కార్డు, నెలవారీ రుసుము, హోటల్‌కు పెట్టే రూల్సే బండికీ, బండికి చేసే క్లోరిన్ పరీక్షే హోటల్ ట్యాంకుకూ. హోటల్ వంటగది వెనకాల మోరీని కూడా అంతే శ్రద్ధగా చూస్తే దుకాణాల వాళ్లు కూడా కాదనరు.

దోమల విషయంలోనూ కార్పొరేషన్ ఇదే తప్పుదారిలో పోతుంటుంది కాబట్టి ఒక మాట. పొగ కొడితే ఎగురుతున్న దోమలు చస్తాయి, నీళ్లలో ఉన్న పిల్లపురుగు చావదు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం, పది రోజులు చాలు. పంక్చర్ షాపు ముందు పేర్చిన టైర్లు, కొబ్బరిబొండాల కుప్ప, ఇనుప సామాను దుకాణం పెరడు, కడుతున్న బిల్డింగుల సంపులు, వీటిని వారానికోసారి ఆరబెట్టించే పని పొగ బండి తిప్పడం కంటే మేలు. టైర్లకు రేకుల షెడ్డు వేసుకోమని జూన్‌కు ముందే నోటీసిస్తే ఆగస్టులో చలానా రాయాల్సిన పని ఉండదు.

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి హన్మకొండ కాలనీలు మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు కూడా గండి పడింది. అలాంటి రోజుల్లో మంచినీళ్ల పైపుల్లోకి మురుగు చేరే ప్రమాదం చాలా ఎక్కువ. మన నల్లాలు రోజంతా రావు. నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి పగులు ఉన్నచోట బయటి మురుగును లోపలికి లాగుతుంది. ఆ వారంలో ఊరంతా "నల్లా నీళ్లు కాచి వాడండి" అని మైకుల్లో చెప్తారు. పొద్దున ఐదింటికే పిండి కలిపే బండివాళ్లకు ఆ మాట ఆలస్యంగా చేరుతుంది. ఏ చోట ఎవరు నడుపుతున్నారో ఫోన్ నంబర్లతో జాబితా ఉంటే ముందురోజు రాత్రే చెప్పొచ్చు, ట్యాంకర్ పంపొచ్చు, క్లోరిన్ బిళ్లలు ఇవ్వొచ్చు.

జాబితా కొత్తగా మొదలుపెట్టాల్సిన పని లేదు. 2020లో పీఎం స్వనిధి కింద 10 వేల రూపాయల అప్పు ఇవ్వడానికి వీధి వ్యాపారుల వివరాలు మున్సిపాలిటీల ద్వారానే తీసుకున్నారు. అప్పుకు పనికొచ్చిన జాబితా వరదకు, రోగానికి కూడా పనికొస్తుంది. దాన్ని డివిజన్లవారీగా విడదీసి శానిటరీ జవాన్ల చేతికి ఇస్తే చాలు.

ఇక ఎక్కడ ఏది చేయాలన్నది టౌన్ వెండింగ్ కమిటీ కూర్చొని తేల్చాలి. చట్టం ప్రకారం అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. నాలా మీద ఉన్న బండ్లు, అంబులెన్స్ దారిలో ఉన్నవి పక్కకు జరగాలి, కానీ నడిచిపోయే దూరంలోనే. సాయంత్రం తిండి బండ్లకు జోన్ కట్టాలి. ఆసుపత్రి, మార్కెట్ యార్డు, బస్టాండ్ల దగ్గర పొద్దుటి బండ్లకు మాత్రం నల్లా పోవాలి. మొదటి నల్లా ఎంజీఎం చుట్టుపక్కలే పెట్టాలని కోరుతున్నాను. అక్కడ తినేవాళ్లు ఇప్పటికే ఒక రోగిని చూసుకుంటున్నారు. వాళ్లే మంచం పడితే ఆ రోగికి మందు తెచ్చిపెట్టేవాళ్లు కూడా ఉండరు.