మాస్టర్–స్లేవ్: ఉంచాలా, మార్చాలా?

కంప్యూటర్ రంగంలో నడిపించేదాన్ని ‘మాస్టర్’ (యజమాని), దాన్ని అనుసరించేదాన్ని ‘స్లేవ్’ (బానిస) అనడం పాత అలవాటు; ఆ పేర్లు మార్చాలా వద్దా అన్నదే చర్చ. పాత పేర్లు ఉంచేస్తే లాభం ఒక్కటే, కానీ చిన్నది కాదు: ఆ పేర్లతో రాసుకున్న ఏ స్క్రిప్టూ (పనులు వాటంతటవే జరిపించే చిన్న ప్రోగ్రామూ) ఆగిపోదు. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ 2020 అక్టోబరులో కొత్త రిపోజిటరీల్లో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట్లలో) ప్రధాన బ్రాంచికి, అంటే కోడ్ ముఖ్య శాఖకు, ‘మాస్టర్’ బదులు ‘మెయిన్’ అని పేరు పెట్టాక, ఆ బ్రాంచి పేరు నేరుగా రాసుకున్న స్క్రిప్టులను సరిచూసుకోవాల్సి వచ్చింది.

మార్చడంలో నాకు నచ్చేది స్పష్టత. డేటాబేస్‌లో రెండో సర్వర్ బానిసేమీ కాదు, మొదటిదాని నకలు. ‘రెప్లికా’ అంటే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. అనుమతించకూడనివాటి జాబితాకు ‘బ్లాక్‌లిస్ట్’ కన్నా ‘డినైలిస్ట్’ కూడా అంతే స్పష్టం. పైగా, మనుషుల్ని అమ్మి కొన్న చరిత్ర మోస్తున్న ‘స్లేవ్’ అనే మాటను రోజూ టైప్ చేయాల్సిన గతి ఎవరికీ పట్టకూడదు.

డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రెడిస్ ఐదో వెర్షన్ ‘స్లేవ్ఆఫ్’ అనే కమాండుకు బదులుగా ‘రెప్లికాఆఫ్’ తెచ్చింది, పాత కమాండునూ పనిచేయనిచ్చింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్ కూడా 2020లో ఇలాంటి మాటలు వద్దన్న నియమం ప్రధానంగా కొత్త కోడ్‌కే పెట్టింది. నేను మార్పు వైపే, అదీ ఇలా పాత కోడ్ చెడకుండా జరిగితే.