కుక్కరూ ఊలు సూదులూ: చదువు సాగినంత కాలం వాడాక

డిగ్రీ మొదలైన కొత్తలో కొన్న ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కరునూ, తీగ మార్చుకునే వీలున్న సర్క్యులర్ అల్లిక సూదుల సెట్టునూ పీజీ చివరి సంవత్సరం దాకా దాదాపు ప్రతి వారమూ వాడుతూ వచ్చాను. ఈ రెండింటినీ ఒకే సమీక్షలో కలపడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు గానీ, నా వాడకంలో ఒకటి పని చేస్తున్నంత సేపూ రెండోది చేతిలో ఉంటుంది. వంటకు పట్టే సమయంలో సగానికి పైగా పొయ్యి తన పని తాను చేసుకునే సమయమే. మనం అక్కడ ఉండేది కాపలాకి మాత్రమే. ఆ కాపలా తప్పితే అల్లికకు వేరే తీరిక వెతుక్కోనక్కరలేదు. ఈ రెండు వస్తువులనూ నేను తూచేది ఆ ఒక్క కొలతతోనే: ఒకదాన్ని ఎంత ధైర్యంగా వదిలేసి వెళ్లవచ్చు, రెండోదాన్ని ఎంత సులువుగా మధ్యలో ఆపి లేవవచ్చు.

ముందుగా కుక్కరు సంగతి. దాని తెర మీద కనిపించే నిమిషాలను నమ్ముకుని తరగతికి బయలుదేరే పథకం వేసుకుంటే ఆలస్యం తప్పదు. బియ్యానికి ఎనిమిది నిమిషాలని పెడితే ఆ లెక్క మొదలయ్యేది లోపల పీడనం నిండిన తర్వాతే, అందుకు గిన్నె నిండుదనాన్ని బట్టి పది పదిహేను నిమిషాలు పడుతుంది. వంట ముగిశాక ఆవిరి తనంతట తాను దిగడానికి మరో పది నిమిషాలో పావుగంటో కావాలి. పైగా మామూలు పొయ్యి కుక్కరులో పీడనం 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే కొలత) దాకా చేరి నీరు సుమారు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంటే, ఎలక్ట్రిక్ రకాలు చాలా వరకు 10 నుంచి 12 పీఎస్ఐ దగ్గరే ఆగిపోతాయి కనుక గింజలు ఉడకడానికి కాస్త ఎక్కువ సేపే తీసుకుంటాయి. వేగం కోసం కొనేవారికి ఇది నిరాశే. నాకు మాత్రం అదే కలిసి వచ్చింది. విజిల్ లెక్కపెట్టడం, మంట తగ్గించడం, పొంగిందేమోనని చూడడం లేకుండా ఒక్కసారి మీట నొక్కాక అరగంటకు పైగా ఎవరూ పిలవని సమయం దొరుకుతుంది. పని అయిపోయాక అది తనంతట తానే వెచ్చగా ఉంచే స్థితికి మారుతుంది కాబట్టి, చుట్టు మధ్యలో ఉన్నప్పుడు బీప్ వినిపించినా ఆ చుట్టు పూర్తి చేసుకుని లేవవచ్చు.

లోపాలు లేకపోలేదు. మూత లోపలి సిలికాన్ గాస్కెట్ వాసనను పట్టేస్తుంది. ఎంత తోమినా పోదు. ఉల్లి, వెల్లుల్లి ఉడికించిన మర్నాడు తీపి వంటకం చేస్తే ఆ సంగతి నాలుకకు తెలిసిపోతుంది. రెండు గాస్కెట్లు పెట్టుకుని మార్చుకోవడం ఒక్కటే దీనికి సరైన ఉపాయం. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త చిక్కుడు జాతి గింజలతో. చాలా కుక్కర్లలో ఉండే నెమ్మదిగా వండే అమరికను ఎండు రాజ్మాకు వాడకూడదు. వాటిలో సహజంగా ఉండే లెక్టిన్ అనే పదార్థం తక్కువ వేడిలో విరగదు, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో బాగా తెర్లేలా మరిగించాలి. ప్రెషర్ మీద ఉడికిస్తే ఆ వేడి ఎలాగూ దాటుతుంది. వదిలేసి వెళ్లడం సుఖమే గానీ, ఏ అమరికలో వదిలేశామన్నది చూసుకోవాలి.

ఇక సూదులు. జంటగా వచ్చే నిటారు సూదులతో అల్లే వారికి తెలిసిన ఇబ్బంది ఒకటుంది: వరుస మధ్యలో లేవవలసి వస్తే కుట్లు కొన నుంచి జారుతాయి, లేదా ఖాళీ సూది మంచం కిందికి దొర్లుతుంది. సర్క్యులర్ సూదుల రెండు కొనలనూ ఒక వంగే తీగ కలుపుతుంది కనుక చేతిలోని పనిని ఉన్నపళంగా తీగ మీదికి జరిపి సంచిలో పడేయవచ్చు. తలుపు తట్టినా, కుక్కరు పిలిచినా, అకస్మాత్తుగా ఫోను మోగినా నష్టం లేదు. గుండ్రంగానే అల్లాలన్న నియమమూ లేదు. అటూ ఇటూ తిప్పి చదునుగా కండువా కూడా అల్లుకోవచ్చు, బరువంతా మణికట్ల మీద కాక ఒడిలో ఉంటుంది. నిటారు సూదుల వైపు మళ్లీ వెళ్లాలని నాకు ఒక్కసారీ అనిపించలేదు.

అయితే తీగ మార్చుకునే సెట్టు గురించి నా ఉత్సాహం మొదట్లో ఉన్నంత ఇప్పుడు లేదు. సూది, తీగ కలిసే మర దగ్గర కొంతకాలానికి వదులు వస్తుంది. చూస్తుండగానే అక్కడ జుట్టు దూరేంత సందు ఏర్పడి, పలుచని ఊలు పోగు అందులో చిక్కుకుంటుంది. అది తెలియక లాగితే పోగు పీచులుగా చీలిపోతుంది. సెట్టుతో ఇచ్చే చిన్న తాళపు కడ్డీని మర దగ్గరి రంధ్రంలో పెట్టి బిగిస్తే కుదురుతుంది గానీ, ప్రతిసారీ కూర్చోగానే మొదట ఆ బిగింపు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. చుట్ట చుట్టి ఉంచిన తీగ మొండిగా మెలికలు తిరిగి ఉంటే వేడి నీటిలో కొన్ని క్షణాలు ముంచి సాగదీస్తే సర్దుకుంటుంది, దానికి వంటగదిని మించిన చోటు లేదు. లోహపు కొనలు వేగంగా సాగుతాయి, వెదురు కొనలు కుట్టును పట్టి ఉంచుతాయి. తరచుగా లేచే వారికి వెదురే నయం.

ఈ చిన్న చిన్న విరామాల్లో నిజంగా ఏదైనా పూర్తవుతుందా అన్న సందేహానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. డీకే రకం మధ్యస్థ మందం ఊలును 4 మిల్లీమీటర్ల సూదితో అల్లితే 10 సెంటీమీటర్ల వెడల్పుకు సుమారు 22 కుట్లు పడతాయి. అంటే 50 సెంటీమీటర్ల చుట్టుకొలత గల టోపీకి ఒక చుట్టు దాదాపు 110 కుట్లు. తొందర లేకుండా అల్లేవారు నిమిషానికి పాతిక కుట్ల దాకా వేయగలరు కనుక కుక్కరు ఉడికించే అరగంటలో ఆరు చుట్లు సాగుతాయి, నిలువుగా అది 2 సెంటీమీటర్లు. టోపీ ఎత్తు 20 సెంటీమీటర్లనుకుంటే పదిసార్లు వంట చేసేసరికి ఒక టోపీ. వారానికి రెండుసార్లు వండుకునే విద్యార్థికి నెలన్నర లోపు చేతికి వస్తుంది. స్వెటరుకు ఇదే లెక్క వేస్తే ఏడాదికి పైగా పోతుంది, అందుకే అంత పెద్ద పనిని ఈ సమయం మీద ఆధారపడి మొదలుపెట్టవద్దని చెబుతాను.

ఏది అల్లుతున్నామన్నదీ అంతే ముఖ్యం. గుండ్రంగా సాదాగా అల్లితే ప్రతి చుట్టూ నిట్ అనే ఎదుటి కుట్టే, పర్ల్ అనే వెనుక కుట్టు తిప్పవలసిన అవసరం లేదు, ఎక్కడ ఆపామో చూపుకే తెలుస్తుంది. చదునుగా ప్రతి వరుసా నిట్ కుట్టే వేసే గార్టర్ అల్లిక కూడా రెండు వైపులా ఒకేలా ఉండి పొరపాట్లను క్షమించే రకం. జాలీ అల్లిక మాత్రం ప్రతి వరుసా లెక్క అడుగుతుంది. కుక్కరు పక్కన అది కుదరదు. తప్పదనుకుంటే పది పన్నెండు వరుసలకొకసారి వేరే రంగు నున్నని దారాన్ని అన్ని కుట్ల గుండా దూర్చి ఉంచితే, పొరపాటు జరిగినా అక్కడి దాకా మాత్రమే విప్పుకోవచ్చు. రికార్డు చేసిన పాఠాలు వింటూ నిట్ చుట్లు వేయడం నాకు బాగానే సాగింది. బోర్డు మీద సమీకరణాలు రాసే పాఠమైతే అటు పాఠమూ ఇటు అల్లికా రెండూ చెడతాయి.

వంటగదిలో ఊలు పెట్టుకోవడానికి కొన్ని షరతులున్నాయి. ఊలు గాలిలోని తేమనూ వాసననూ తేలిగ్గా పీల్చుకుంటుంది, వేపుడు జరుగుతుండగా తెరిచి ఉంచిన ఉండ మర్నాటికీ ఆ వాసనే వేస్తుంది. నేను జిప్పున్న గుడ్డ సంచిని గది తలుపు అవతలి కొక్కేనికి తగిలిస్తాను, కూరగాయల పని పూర్తిగా ముగిసి, గోళ్ల సందులు సహా చేతులు కడిగి ఆరబెట్టుకున్నాకే తీస్తాను. నూనె చెయ్యి తగిలిన లేత రంగు ఊలు మీద వేలిముద్ర అలాగే నిలిచిపోతుంది. మరక పోవాలని మామూలు ఊలును వేడి నీటిలో రుద్దితే పోగులు పెనవేసుకుని కుదించుకుపోతాయి; యంత్రంలో ఉతకదగినదిగా శుద్ధి చేసిన సూపర్‌వాష్ ఊలు అయితే ఈ బెడద తక్కువ. అక్రిలిక్ చవకే, ఉతకడం కూడా తేలికే, కానీ అది వేడికి కరిగే ప్లాస్టిక్ పోగు. దానితో గిన్నె పట్టుకునే గుడ్డ అల్లడం ప్రమాదం, అందుకు నూలు దారమే వాడాలి.

ఆదివారం నాడే వారం మొత్తానికి వండేసుకోమన్న సలహా విద్యార్థులకు తరచుగా వినిపిస్తుంది. నేను దానితో ఏకీభవించను. వండిన పదార్థాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల దగ్గర చేర్చినా మూడు నాలుగు రోజులకు మించి ఉంచకూడదు. అన్నం విషయంలో మరీ జాగ్రత్త కావాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, బయట వదిలేస్తే మొలిచి విషాన్ని తయారు చేస్తాయి, ఆ విషం తిరిగి వేడి చేసినా విరగదు. కాబట్టి లోతైన గిన్నెలో కాక వెడల్పాటి డబ్బాల్లో పలుచగా పరిచి త్వరగా చల్లార్చాలి. ఈ గడువు వల్ల వారానికి రెండు వంటలు తప్పవు, వాటితో పాటే రెండుసార్లు సూదులు పట్టుకునే అవకాశమూ వస్తుంది. ఫ్రీజరు ఉన్నవారు ఒక వంటను తప్పించుకోగలరు; తప్పించుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదన్నది వేరే మాట.

కుక్కరు తీర్చలేని పని కూరగాయలు తరగడం. నిజానికి వంటలో మన చేతి పనికి ఎక్కువ సమయం పోయేది అక్కడే, ఆ సమయంలో రెండు చేతులూ పనిలో ఉంటాయి. పరీక్షల రోజుల్లో నేను తరగనవసరం లేని వాటికి, అంటే గుడ్లకూ పప్పు గింజలకూ దిగిపోతాను, అల్లిక పూర్తిగా ఆపేస్తాను. రాయడం, టైపు చేయడం, అల్లడం అన్నీ ఒకే మణికట్టు మీద పడతాయి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ముందు మానవలసింది వీటిలో మూడోదే. ఆపే ముందు ఏ చుట్టులో ఉన్నామో, ఏ సూదితో అల్లుతున్నామో చిన్న కాగితం మీద రాసి సంచిలో పెట్టకపోతే నెల తర్వాత తీసినప్పుడు ఏదీ గుర్తుకు రాదు.

కొత్తగా కొనేవారికి, ఒక్కరి వంటకైతే 3 లీటర్ల కుక్కరు చాలు, 6 లీటర్లది తోమడానికే బద్ధకం వేస్తుంది. సూదుల్లో పెద్ద సెట్టు జోలికి వెళ్లకుండా 4 మిల్లీమీటర్ల మందం, 80 సెంటీమీటర్ల పొడవు గల, తీగ శాశ్వతంగా అతికి ఉన్న వెదురు సూది ఒక్కటి తీసుకోండి. తీగను మధ్యలో మడిచి లూపుగా బయటికి లాగే పద్ధతిలో టోపీ కూడా దాని మీదే అల్లవచ్చు, బిగించవలసిన మర ఉండదు.