గళ్ళ పెట్టె అందంగానే ఉంది, బుడగ గుల్లలకు మాత్రం వద్దు

చెన్నైలో ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల గిఫ్టు షాపుల్లో, గవ్వలూ శంఖాలూ దాచుకోడానికని అమ్మే 24 గళ్ళ చెక్క పెట్టె గురించి ఈ రివ్యూ. పైన గాజు మూత, అడుగున నల్ల మఖ్మల్. మూలలు చక్కగా కలిశాయి, మూత సాఫీగా జారుతుంది. పనితనానికి వంక పెట్టలేం. వంకంతా సరుకుదే: గళ్ళు ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే పలక), అతుకులు తెల్ల జిగురు, గాజు అంచున పుల్లటి వాసనేసే సిలికాన్. మూడూ ఆమ్లపు ఆవిరి వదిలేవే.

బుడగ గుల్లల, అంటే ఉబ్బిన పెంకుండే సముద్రపు నత్తల, సంగతి తెలిస్తే ఇదెంత ప్రమాదమో అర్థమవుతుంది. హామినోయా జాతివి చూడండి. పెంకు గాలి ఊదినట్టు ఉబ్బి ఉంటుంది, శిఖరం లోపలికి కుంగిపోతుంది, నోరు పెంకు పొడవునా తెరుచుకుంటుంది. నత్త పూర్తిగా అందులోకి ముడుచుకోలేదు. మెత్తటి ఒళ్ళే పెంకును చాలావరకు కప్పుతుంది కాబట్టి దానికి దళసరి గోడ అక్కర్లేకపోయింది. చల్లని సముద్రాల్లో ఉండే డయాఫానా జాతివైతే కొన్ని మిల్లీమీటర్లే, పెంకు పారదర్శకం. ఇలాంటి పెంకు వెనక వేలు పెడితే వేలి నీడ ఇటు కనబడుతుంది. బుల్లా ఆంపుల్లా లాంటి గట్టి బుడగ గుల్ల ఈ పెట్టెలో కొన్నేళ్ళు నెట్టుకొస్తుందేమో గానీ, పల్చటివి నెట్టుకురాలేవు.

జరిగేది ఇదీ. చెక్క పొడి, జిగురు, సిలికాన్ వదిలే అసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి మూసిన పెట్టెలో పోగవుతుంది. గాలిలోని తేమతో కలిసి పెంకులోని కాల్షియం కార్బొనేట్‌ను తింటుంది. ముందు మెరుపు పోతుంది, తరవాత పెదవిమీద, అంటే పెంకు నోటి అంచున, తెల్లటి నూగు లేస్తుంది. బూజు అనుకుని తుడిచేస్తారు. అది బూజు కాదు, పెంకు కరిగి ఏర్పడిన ఉప్పు. దీన్ని బైన్ జబ్బంటారు. 1899లో దీని గురించి రాసిన బైన్, బాక్టీరియా వల్ల పుట్టే బ్యుటిరిక్ ఆమ్లమే కారణమనుకున్నాడు. అసలు దోషం బీరువా చెక్కదని తరవాత తేలింది. కడిగితే ఉప్పు పోతుంది గానీ తినేసిన పొర తిరిగి రాదు. మూత ఎంత బాగా బిగిస్తే అంత చేటు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై గాలిలో ఉండే చెమ్మ దీనికి తోడు.

షాపువాళ్ళు టేకు అన్నా, ఇంకేమన్నా, నమ్మక్కర్లేదు. కాశిమేడు చేపల రేవులో వలలకు కట్టే సీసపు గుండు ఒకటి తెచ్చి, గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, పెట్టెలో పెట్టి మూసెయ్యండి. నాలుగు వారాల్లో దానిమీద తెల్లపొడి పడితే ఆ పెట్టె గుల్లలకు విషమే. రుద్దాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ పొడి పిల్లలకు అందకూడదు.

మఖ్మల్ కూడా తప్పే. దాని నూలు పోగు పల్చటి పెదవికి తగులుకుంటే గుల్ల ఎత్తేటప్పుడు అంచు లేచొస్తుంది. దూదితోనూ ఇదే బాధ.

దీని బదులు వంటింటి సామాన్ల కొట్లో దొరికే మామూలు పాలీప్రొపిలీన్ డబ్బా నయం. అడుగున త్రికోణంలో 5 అంకె ఉందో లేదో చూసి కొనండి, పీవీసీ వద్దు. లోపల తెల్లటి పాలిథిన్ ఫోమ్ పరవాలి, ఎలక్ట్రానిక్ సామాన్ల ప్యాకింగులో వచ్చేది. పసుపు స్పాంజి కొన్నాళ్ళకు పొడిపొడైపోతుంది. ఒక్కో గుల్లకు ఒక్కో చిన్న గాజు సీసా, ప్లాస్టిక్ మూతతో. కార్కు బిరడా వద్దు, అదీ ఆమ్లం వదుల్తుంది. కొందరు మందుల జెలటిన్ గుళికల్లో పెడతారు. ఎండు ఊళ్ళలో పర్లేదు, ఇక్కడ చెమ్మకు మెత్తబడి గుల్లకు అంటుకుపోతాయి.

రెండు లీటర్ల డబ్బాకు చెమ్మ పీల్చే నారింజ రంగు సిలికాజెల్ 50 గ్రాములు, పక్కన చిన్న హైగ్రోమీటర్. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు. అంతకంటే దిగితే కొంత జెల్ తీసెయ్యండి, మరీ ఎండినా పల్చటి పెంకు పగులుతుంది. జెల్ ఆకుపచ్చకు తిరిగితే 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు.

ఏ డబ్బా అయినా, గుల్లలో సముద్రపు ఉప్పు ఉంటే లాభం లేదు. ఒడ్డున దొరికిన ఖాళీ గుల్లను మంచినీళ్ళలో ఒక రోజు నానబెట్టి, నాలుగైదుసార్లు నీళ్ళు మార్చాలి, చివర డిస్టిల్డ్ వాటర్. బ్లీచింగ్, వెనిగర్ దగ్గరికి రానివ్వొద్దు. టిష్యూ మీద నీడన ఆరనివ్వాలి. పట్టకారు వద్దు, సున్నా నంబరు కుంచె కొసను తడిపి ముట్టిస్తే గుల్ల దానంతటదే అంటుకొని లేస్తుంది. దొరికిన చోటు, తేదీ పెన్సిల్‌తో రాసిన చీటీ సీసా లోపలి గోడకు ఆన్చి పెట్టాలి, గుల్లకు తగలకుండా.

పెట్టెకు 5కి 2. ఆ రెండూ వడ్రంగికి. ఇప్పటికే కొనేసినవాళ్ళు అందులో గాజు గోళీలో, రాళ్ళో పెట్టుకోండి. గుల్లలుంటే ఇవాళే బయటకు తీసి కడగండి.