532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ మాడ్యూల్ రివ్యూ: కొనేముందు లోపలి స్ఫటికాల సంగతి

స్ఫటికాల మీద ప్రయోగాలకి 5 మిల్లీవాట్ల చౌక ఆకుపచ్చ మాడ్యూల్ పనికొస్తుందా? బాగా పనికొస్తుంది. కాకపోతే కంటికి హాని చేసే పరారుణాన్ని ఆపే ఫిల్టర్ ఉందని తేల్చుకోకుండా మాత్రం వాడకండి.

ఈ రకంలో ఆకుపచ్చ కాంతి డయోడ్‌లో పుట్టదు. డయోడ్ ఇచ్చేది 808 నానోమీటర్ల పరారుణం. నియోడిమియం కలిపిన వెనడేట్ స్ఫటికం దాన్ని పీల్చుకుని 1064 దగ్గర లేజర్ కాంతి ఇస్తుంది. దానికి అతికించిన కేటీపీ (పొటాషియం టైటానిల్ ఫాస్ఫేట్) స్ఫటికం రెండేసి 1064 ఫోటాన్లను కలిపి ఒక్కో 532 ఫోటాన్‌గా మారుస్తుంది. మారకుండా మిగిలిన 808, 1064 బయటికి రాకుండా ఆపాల్సింది చివర ఉండే చిన్న ఫిల్టరే. ఖర్చు తగ్గించాలనుకున్న తయారీదారు ముందు ఎగ్గొట్టేదీ దాన్నే. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ పరీక్షించిన ఒక పాయింటర్ మీద 10 మిల్లీవాట్లని ఉంది. ఆకుపచ్చ బలహీనంగానే వచ్చింది, కంటికి కనబడని పరారుణం మాత్రం దాదాపు 20 మిల్లీవాట్లు వచ్చింది.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. మిల్లీమీటరుకి 500 గీతలున్న గ్రేటింగ్ (కాంతిని తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేర్వేరు కోణాల్లోకి విడదీసే సన్నగీతల పలక) మీద కిరణం నిటారుగా పడేలా బిగించి, మీటరు దూరంలో తెల్ల కాగితం పెట్టండి. నడిమి మచ్చ నుంచి సుమారు 28 సెంటీమీటర్ల దగ్గర మొదటి ఆకుపచ్చ మచ్చ, 63 దగ్గర రెండోది పడతాయి. మధ్యలో 44 దగ్గర కంటికేమీ కనబడదు. అక్కడే ఫోన్ కెమెరాలో మచ్చ కనిపిస్తే అది 808, అంటే ఫిల్టర్ లేనట్టే. కెమెరాని కాగితం వైపే తిప్పాలి, కిరణంలో పెట్టకూడదు. టీవీ రిమోట్ వెలుగు ఆ కెమెరాలో కనిపిస్తుందో లేదో ముందే చూసుకోండి, కొన్ని కెమెరాలు పరారుణాన్ని ఆపేస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడే చోటొకటి ఉంది: 1064 మొదటి మచ్చ, 532 రెండో మచ్చ సరిగ్గా ఒకే చోట పడతాయి. కాబట్టి 44 దగ్గర ఏమీ లేదు కదా అని 1064 కూడా లేదనుకోవద్దు. దాన్ని తేల్చాలంటే ఆకుపచ్చని ఆపి 1064ని వదిలే ఫిల్టర్, పవర్ మీటర్ కావాలి.

చలికి వెలుగు తగ్గుతోందనే ఫిర్యాదు నిజమే. డిగ్రీకి దాదాపు 0.3 నానోమీటర్ల చొప్పున డయోడ్ తరంగదైర్ఘ్యం జరుగుతుంది. వెనడేట్ బాగా పీల్చుకునే పట్టీ సన్నం కాబట్టి 10 డిగ్రీలు తగ్గితే డయోడ్ కాంతి దాన్ని తప్పిపోతుంది. కరెంటు పెంచి సరిచేయబోతే డయోడ్ పోతుంది. మాడ్యూల్ ఇత్తడి గొట్టాన్ని అల్యూమినియం దిమ్మలో బిగించి, వెలుగు నిలకడపడ్డాకే కొలతలు తీసుకోండి.

కెంపు మీద ఈ మాడ్యూల్ చాలా బాగా పనిచేస్తుంది. కెంపులోని క్రోమియం 405 ఊదా కాంతినీ, 532నీ పీల్చుకుని 694 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. 650 ఎరుపు లేజర్ వేస్తే ఆ స్పందన దాదాపు ఉండదు. 532 వేసి, ఆకుపచ్చని ఆపే ఎర్ర ఫిల్టర్‌లోంచి చూస్తే ఆ ఎర్ర వెలుగు స్పష్టంగా తెలుస్తుంది. ఇనుము ఎక్కువున్న కెంపులు మసగ్గానే వెలుగుతాయి, ఆ తప్పు లేజర్‌ది కాదు.

ఉత్త ఆకుపచ్చ వెలుగు చాలనుకుంటే 520 డయోడ్ మాడ్యూల్ మేలు: పరారుణం బెడద లేదు, చలికీ తట్టుకుంటుంది. కాకపోతే దాని తరంగదైర్ఘ్యం ముక్కకీ ముక్కకీ కొన్ని నానోమీటర్లు మారుతుంది. 532ని నిర్ణయించేది నియోడిమియం కాబట్టి గ్రేటింగ్ లెక్కలకి దాన్ని నమ్మొచ్చు. కళ్లద్దాలు కొనేటప్పుడు 532తో పాటు 808, 1064లకీ రక్షణ అంకె (ఆ కాంతిని ఎంత ఆపుతాయో చెప్పేది) రాసి ఉందో లేదో చూడండి. ఆకుపచ్చని ఒక్కదాన్నే ఆపే అద్దాలు ఈ మాడ్యూల్‌కి చాలవు.