డ్రాప్‌డౌన్‌లో మొదటి వరుస: ఖాళీగా వదలాలా, ‘ఎంచుకోండి’ అనాలా?

వెబ్ ఫారంలో డ్రాప్‌డౌన్ (నొక్కితే తెరుచుకునే జాబితా) పెట్టి మొదటి ఆప్షన్ సంగతి పట్టించుకోకపోతే, జాబితాలో ముందున్నదాన్ని బ్రౌజరే ఎంచేస్తుంది. కొత్తలో నేను దేశాల జాబితాను ఇలాగే వదిలేశాను. తర్వాత డేటా చూస్తే బోలెడుమంది ఆఫ్ఘనిస్థాన్ వాళ్లే! ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోలేదంతే. రిక్వైర్డ్ (తప్పక నింపాలనే గుర్తు) పెట్టినా ఈ పొరపాటు దొరకదు, ఎందుకంటే బ్రౌజర్ లెక్కలో అక్కడ విలువ ఉంది.

సరే, మొదట ఖాళీ ఆప్షన్ పెడదాం. అందులో ఏమీ రాయకూడదా, ‘ఎంచుకోండి’ అని రాయాలా? నా ఓటు రాయడానికే. ఉత్త ఖాళీ పెట్టె చూస్తే జాబితా ఇంకా లోడ్ కాలేదేమో అనిపిస్తుంది. కాకపోతే ‘ఎంచుకోండి’కి వాల్యూను (సర్వర్‌కు వెళ్లే విలువను) ఖాళీ కోట్స్‌తో తప్పకుండా రాయాలి. మరిచిపోతే ఆ మాటే విలువగా వెళ్లిపోయి, డేటాబేస్‌లో ‘ఎంచుకోండి’ అనే దేశం పుడుతుంది.

అసలు తగువంతా డిసేబుల్డ్ (ఆప్షన్‌ను ఎంచుకోనివ్వని గుర్తు) దగ్గరే. మొదటి వరుసకు డిసేబుల్డ్, సెలెక్టెడ్ (ముందే ఎంచి ఉంచే గుర్తు) రెండూ పెడితే అది కనిపిస్తుంది గానీ మళ్లీ ఎంచుకోవడం కుదరదు. తప్పనిసరి ప్రశ్నకు పర్లేదు. ఇష్టమైతేనే నింపే ప్రశ్నకు మాత్రం తిప్పలే: పొరపాటున ఏదో నొక్కినవాళ్లు మళ్లీ ఖాళీకి రాలేరు. పైగా దాన్ని ముట్టుకోకుండా పంపితే ఆ ఫీల్డ్ పేరే సర్వర్‌కు చేరదు. మామూలు ఖాళీ ఆప్షన్ అయితే పేరు వస్తుంది, విలువ ఖాళీగా వస్తుంది. ఈ తేడా తెలియక నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

అందుకే తప్పనిసరి ప్రశ్నకు ‘ఎంచుకోండి’, ఖాళీ వాల్యూ, రిక్వైర్డ్ పెట్టి ఊరుకుంటాను. డిసేబుల్డ్ అక్కర్లేదు, ఖాళీగా పంపబోతే బ్రౌజరే ఆపుతుంది. ఆ వరుస మాత్రం అన్నిటికంటే ముందుండాలి, ఆప్ట్‌గ్రూప్ (ఆప్షన్లను గుంపుగా చూపే ట్యాగ్) లోపల ఉండకూడదు. బ్రౌజర్‌ను దాటుకుని వచ్చేవాళ్లుంటారు కాబట్టి సర్వర్‌లోనూ చెక్ చేయాలి.

ఐచ్ఛిక ప్రశ్నకూ ఖాళీ ఆప్షనే, డిసేబుల్ చేయకుండా. ‘చెప్పదలచుకోలేదు’ అనేది కూడా ఉంటే దానికి వేరే వాల్యూ ఇవ్వండి. అది ఒక జవాబు, ఖాళీ కాదు.

రెండు మూడు ఆప్షన్లే ఉంటే రేడియో బటన్లు (ఒకదాన్నే ఎంచుకోగల గుండ్రటి బటన్లు) మేలు. అవి ఏదీ ఎంచని స్థితిలోనే మొదలవుతాయి. ఒకసారి నొక్కాక తీసేయడం అక్కడా కుదరదనుకోండి, ఐచ్ఛిక ప్రశ్నయితే మళ్లీ మొదటికే వస్తాం.