ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ‘లోగో, డొమైన్, హోస్టింగ్ అన్నీ మేమే’ ప్యాకేజీ: దయచేసి తీసుకోకండి

కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. ఎవరి గురించో పేరు చెప్పక్కర్లేదు. ‘ఓపెన్ సోర్స్ అంటే మాకు ప్రాణం’ అని బ్యానర్ కట్టుకుని, ఏ రిపోజిటరీకి (ప్రాజెక్టు కోడ్ ఉంచే చోటు) కాస్త స్టార్లు పడినా వెంటనే దాన్ని చూసుకునే మెయింటెయినర్‌కి మెయిల్ కొట్టేవాళ్ళు. మీలో చాలామందికి ఆ మెయిల్ వచ్చే ఉంటుంది. ఇంకా జవాబు ఇవ్వకపోతే, ఇవ్వకండి.

మాది చిన్న టూల్. ఫొటోల్లో తప్పుగా పడిన తేదీలు సరిచేస్తుంది, అంతే. నేనూ ఇంకో మిత్రుడూ తీరిక దొరికినప్పుడు చూసుకుంటాం. లోగో లేదు, సైట్ లేదు, ఉన్నదల్లా రీడ్‌మీ ఫైల్. వీళ్ళొచ్చి లోగో గీసిస్తాం, డాట్ ఆర్గ్ డొమైన్ తీసిపెడతాం, సైటూ డౌన్‌లోడ్లూ ప్రాజెక్టు మెయిలూ అన్నీ ఒకే డాష్‌బోర్డులో చూసుకోవచ్చు అన్నారు. టూల్ వాడేవాళ్ళు ఇష్టంగా పంపిన విరాళాల డబ్బు తీసి కట్టాం. సైట్ బానే నడిచింది, అబద్ధం చెప్పను. లోగో కూడా బాగుంది, ఆ మాట చెప్పాలంటేనే ఒళ్ళు మండుతోంది.

గొడవంతా ఒక మంచి మనిషి అడిగిన చిన్న ప్రశ్నతో మొదలైంది. ఒక లినక్స్ డిస్ట్రోలో (లినక్స్‌నీ ప్రోగ్రాములనీ కలిపి పంచే కూర్పు) మా టూల్‌ని ప్యాకేజీ చేసి చేర్చుదామని ఒకాయన ముందుకొచ్చారు. కోడ్ లైసెన్స్ స్పష్టంగా ఉంది, లోగో ఎవరిది, దాని లైసెన్స్ ఏమిటి అని అడిగారు. ఇది చాదస్తం కాదు. 2006లో డెబియన్ అనే లినక్స్ డిస్ట్రోకీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లాకీ మధ్య వచ్చిన తగాదాకి మూలం లోగోనే. ఫైర్‌ఫాక్స్ లోగో లైసెన్స్ డెబియన్ నియమాలకు సరిపోలేదు, లోగో లేకుండా ఆ పేరు వాడటానికి మొజిల్లా ఒప్పుకోలేదు. డెబియన్‌లో అదే బ్రౌజర్ 2016 దాకా ఐస్‌వీజెల్ అనే పేరుతో నడిచింది. కాబట్టి ప్యాకేజర్లు లోగో గురించి అడుగుతారు, అడగాలి కూడా.

సరే, లోగో ఎస్‌వీజీ ఫైలూ (ఎంత పెద్దది చేసినా చెదరని ఒరిజినల్), హక్కులు ప్రాజెక్టువే అని ఒక ముక్క రాతలోనూ ఇవ్వండని సపోర్ట్‌ని అడిగాం. మా దగ్గర ఉన్నది మామూలు పీఎన్‌జీ బొమ్మ మాత్రమే. ఒరిజినల్ ఫైల్ డిజైనర్ దగ్గర ఉందన్నారు. తర్వాత డిజైనర్ సెలవులో ఉన్నాడన్నారు. ఆ తర్వాత అసలు మాట బయటికొచ్చింది: లోగో కావాలంటే ‘బ్రాండ్ బైఅవుట్’ ప్లాన్ కొనాలట! మేం కట్టిన ప్లాన్ షరతుల్లో, ఎక్కడో అడుగున, ‘బ్రాండ్ అసెట్స్ వాడుకునే అనుమతి ప్లాన్ అమల్లో ఉన్నంతవరకే’ అని ఉందట. ఉంది. వెళ్ళి చూశాం. వేలమంది వాడే కోడ్‌ని లైను లైను రివ్యూ చేసే మహానుభావులం మేం. షరతుల పేజీ మాత్రం కిందకి జరిపేసి ఒప్పుకున్నట్టు టిక్కు కొట్టేశాం.

చాలా దేశాల్లో బయటివాళ్ళతో బొమ్మ గీయించుకుంటే, డబ్బు కట్టినంత మాత్రాన కాపీరైట్ మనకి రాదు. హక్కులు బదిలీ చేస్తున్నామని రాసి సంతకం పెట్టాలి. అంటే చట్టం ప్రకారం కూడా లోగో వాళ్ళ చేతుల్లోనే ఉంది. మేమేమో దాన్ని రిపోజిటరీలో పెట్టి, పక్కనే ఉచిత లైసెన్స్ ఫైల్ పెట్టి, అందరికీ పంచుకుంటూ వచ్చాం. మాది కానిదాన్ని దానం చేసిన పుణ్యాత్ములం.

పోనీ లోగో మీరే ఉంచుకోండి, మేం వేరే చోటికి వెళ్ళిపోతాం, డొమైన్ ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన రహస్య సంకేతం, ఆథ్ కోడ్ ఇవ్వండి అని చాట్‌లో అడిగాను. ఇక్కడినుంచి జరిగింది మాత్రం జన్మలో మర్చిపోను.

‘ఏ డొమైన్ సార్?’ అంది అవతలి చాట్.

మా ప్రాజెక్టు డొమైన్ అన్నాను.

‘అది మా కంపెనీ పేరు మీద రిజిస్టర్ అయింది సార్. మీకు వాడుకోడానికి ఇచ్చాం.’

ఇన్‌వాయిస్‌లో ‘డొమైన్ రిజిస్ట్రేషన్’ అని విడిగా రాసి మరీ డబ్బు తీసుకున్నారు కదా అన్నాను. రిజిస్ట్రేషన్ సేవకి తీసుకున్నామట, డొమైన్‌కి కాదట. అప్పటికీ మర్యాదగానే మాట్లాడాను. ఇది స్వచ్ఛందంగా నిలబెట్టిన ప్రాజెక్టు, దీంతో మేం పైసా సంపాదించడం లేదు, మనుషులు ఆ అడ్రస్‌ని నమ్మి డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు అని బతిమాలినట్టే రాశాను. చాలాసేపు ‘టైప్ చేస్తున్నారు’ అని కనిపించింది. నా మాటలు ఎక్కడో తగిలాయేమో అనుకున్నాను. అప్పుడు వచ్చింది జవాబు:

‘కోడ్ మీదే సార్, ఎవరు కాదన్నారు? డొమైన్ మాది, లోగో మాది. మీ కోడ్ ఎలాగూ ఫ్రీ కదా, ఎవరైనా తీసుకోవచ్చు. మేమూ తీసుకుంటాం, మేమే నడుపుకుంటాం.’ చివర్లో ఒక నవ్వు బొమ్మ.

ఆ నవ్వు బొమ్మ దగ్గరే ఆగిపోయాను. దబాయించినా ఇంత బాధ ఉండేది కాదు. వాళ్ళు చెప్పింది లైసెన్స్ ప్రకారం నిజమే. మా కోడ్‌ని ఎవరైనా తీసుకోవచ్చు, ఆ మాట రాసిపెట్టింది మేమే. కానీ ఆ స్వేచ్ఛని మా పేరు మీద, మా అడ్రస్‌లో, మేం డబ్బు కట్టిన సర్వర్ మీద కూర్చుని మాకే వెటకారంగా వినిపిస్తారా? నేనింకేదో టైప్ చేస్తుంటే చాట్ మూసేశారు. వెంటనే ఒక పెట్టె తెరుచుకుంది, ‘మా సేవ ఎలా ఉంది?’ అంటూ అయిదు నక్షత్రాలతో.

మర్నాటికి మా లాగిన్ పనిచేయలేదు. సైట్ అలాగే ఉంది, లోగో అలాగే మెరుస్తోంది. డౌన్‌లోడ్ పేజీలో మాత్రం కొత్తగా ఒక పెద్ద పచ్చ బటన్ వచ్చింది. అది నొక్కితే వచ్చే ఇన్‌స్టాలర్ మాది కాదు. లోపల ఏముందో తెలీదు, తెలుసుకోడానికి నా మెషీన్‌లో నడిపే ధైర్యమూ లేదు.

నమ్మి వదిలేసిన చోట ఇలాంటివి ఇంతకుముందూ జరిగాయి. ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌కి విండోస్ ఇన్‌స్టాలర్లు చేసే బృందం 2013లో, సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్లు ఉంచే సోర్స్‌ఫోర్జ్ సైట్ నుంచి బయటికొచ్చేసింది, డౌన్‌లోడ్ బటన్లలా కనిపించే మోసపు యాడ్‌లు ఒక కారణం. 2015లో చూస్తే, వదిలేసిన ఆ ఖాతాని సోర్స్‌ఫోర్జ్ తన చేతిలోకి తీసుకుని, ఇన్‌స్టాలర్‌కి వేరేవాళ్ళ ఆఫర్లు తగిలించింది. పెద్ద గొడవైంది. 2016లో యాజమాన్యం మారాక ఆ పద్ధతి ఆపేశారు. జింప్‌కి నోరుంది, లక్షలమంది వాడుకరులున్నారు. మాకేముంది?

మాకు ఇంకో తలనొప్పి ఉంది, రాత్రి నిద్ర పట్టనివ్వనిది అదే. పాత వెర్షన్లు అప్‌డేట్ కోసం ఆ డొమైన్ మీదున్న ఒక చిన్న ఫైల్‌ని చదువుతాయి. కొత్త వెర్షన్ నంబరూ, డౌన్‌లోడ్ లింకూ అందులోనే ఉంటాయి. ఆ ఫైల్ ఇప్పుడు వాళ్ళ చేతిలో ఉంది. డొమైన్ చేతులు మారితే ఏమవుతుందో 2024లో పాలీఫిల్ డాట్ ఐఓ చూపించింది. ఫిబ్రవరిలో డొమైన్ వేరే కంపెనీకి పోయింది, జూన్‌కల్లా దాన్నుంచి స్క్రిప్ట్ తెచ్చుకునే లక్షకు పైగా సైట్లలోకి చెడ్డ కోడ్ వెళ్ళింది.

మెయిల్ సంగతి అంతకన్నా ఘోరం. ప్యాకేజీ రిజిస్ట్రీలో (ప్రోగ్రామర్లు ప్యాకేజీలు దించుకునే చోటు) మా ఖాతా ప్రాజెక్టు మెయిల్‌తోనే తెరిచాం. ఆ మెయిల్ ఇప్పుడు వాళ్ళకి వెళ్తుంది. పాస్‌వర్డ్ రీసెట్ నొక్కితే లింక్ ఎవరికి పోతుందో ఊహించుకోండి. 2022 మేలో పైథాన్ భాషలోని సీటీఎక్స్ ప్యాకేజీని సరిగ్గా ఇలాగే కొట్టేశారు. మెయింటెయినర్ మెయిల్ డొమైన్ గడువు తీరిపోతే ఇంకొకడు కొనుక్కుని, పాస్‌వర్డ్ మార్చి, వాడేవాళ్ళ రహస్య కీలు లాగేసే వెర్షన్ ఎక్కించాడు. ఇది గుర్తొచ్చి మా మిత్రుడు అర్ధరాత్రి లేచి ఖాతాలో మెయిల్ మార్చాడు. అందులో ముందే లాగిన్ అయి ఉన్నాం కాబట్టి బతికిపోయాం.

డొమైన్ వెనక్కి వస్తుందా అంటే, కష్టం. డాట్ ఆర్గ్ లాంటి వాటికి, అడిగిన 5 రోజుల్లో రిజిస్ట్రార్ (డొమైన్లు రిజిస్టర్ చేసే సంస్థ) ఆథ్ కోడ్ ఇవ్వాలని, డొమైన్ల వ్యవస్థని చూసే ఐకాన్ నియమం ఉంది. కానీ అడగాల్సింది రిజిస్ట్రెంట్, అంటే రికార్డులో పేరున్నవాడు. రిజిస్ట్రార్‌కి రాస్తే ‘మీరు రిజిస్ట్రెంట్ కాదు’ అని ఒక్క లైను జవాబు వచ్చింది. గడువు దగ్గరపడితే గుర్తుచేసే మెయిళ్ళూ వాళ్ళకే పోతాయి. డొమైన్ తగాదాలకున్న యూడీఆర్‌పీ పద్ధతి కింద ఫిర్యాదు చేద్దామంటే పేరు మీద ట్రేడ్‌మార్క్ హక్కు మాకుందని నిరూపించాలి, వాళ్ళు మొదటినుంచీ దురుద్దేశంతోనే రిజిస్టర్ చేశారనీ నిరూపించాలి. రిజిస్టర్ చేసిన ట్రేడ్‌మార్క్ లేని ఇద్దరు మనుషుల ప్రాజెక్టు మాది. ఎవరి పేరు మీదుందో ముందే చూసుకోవాల్సింది అనేవాళ్ళకి: చూశాం. రికార్డులో పేరుండే చోట ప్రైవసీ సర్వీస్ అని వచ్చింది. మన పేరే దాచి ఉంచారు కాబోలు, ఎంత జాగ్రత్త అనుకుని మెచ్చుకున్నాం కూడా.

ఇప్పటికే వీళ్ళ దగ్గర ఉన్నవాళ్ళు గొడవ పెట్టుకోకుండా ముందు చేయాల్సినవి: రిజిస్ట్రీ, రిపోజిటరీ ఖాతాల మెయిల్ మార్చేయండి, సైట్ మొత్తం బ్యాకప్ తీసుకోండి, రిజిస్ట్రెంట్‌గా మీ పేరు పెట్టమని రాతపూర్వకంగా అడగండి. వెళ్ళిపోతున్నామన్న మాట ఆఖర్న చెప్పండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు డొమైన్‌ని రిజిస్ట్రార్ దగ్గర సొంత ఖాతాలో కొనుక్కోండి, హోస్టింగ్ వేరే చోట పెట్టండి. స్టాటిక్ సైట్ (అందరికీ ఒకేలా కనిపించే మామూలు పేజీలు) అయితే గిట్‌హబ్ పేజెస్, గిట్‌ల్యాబ్ పేజెస్, కోడ్‌బర్గ్ పేజెస్ ఉచితమే. లోగోకి ఎస్‌వీజీ, సంతకం పెట్టిన హక్కుల కాగితం రెండూ చేతికొచ్చాకే డబ్బివ్వండి. ప్రాజెక్టు కాస్త పెద్దదైతే డొమైన్, ట్రేడ్‌మార్క్ మీ తరఫున పట్టుకునే సంస్థలున్నాయి, సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ, ఎస్‌పీఐ (సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్) లాంటివి.

మా టూల్ వాడేవాళ్ళు: సెట్టింగ్స్‌లో అప్‌డేట్ చెక్ ఇప్పుడే ఆపేయండి. పచ్చ బటన్ నొక్కి డౌన్‌లోడ్ చేసి ఉంటే ఆ ఫైల్ తీసేసి, మెషీన్‌ని ఒకసారి స్కాన్ చేయించుకోండి. అసలు రిలీజులు రిపోజిటరీలోనే ఉన్నాయి, చెక్‌సమ్‌లు (ఫైల్ మారలేదని సరిచూసుకునే సంకేతాలు) అక్కడే పెట్టాం. రేపటి వెర్షన్‌లో పాత డొమైన్ ఊసే ఉండదు, లోగో కూడా ఉండదు.