పాత కొరోలాకి ఇంట్లోనే వేసుకున్న ఐసిన్ వాటర్ పంప్: ఐదేళ్లు వాడాక

ముందే చెప్పేస్తా, ఇంజిన్ కాగిపోకుండా లోపల కూలెంట్‌ని తిప్పే ఈ పంప్ బాగుంది. 2020 చివర్లో వేశా, డల్లాస్ ఎండల్లో ఐదు సమ్మర్లు చూసింది, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని 635 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు కూడా టెంపరేచర్ ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఇంత ఆలస్యంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆన్‌లైన్లో వాటర్ పంప్ రివ్యూలు చూస్తే సగం "ఈరోజే వచ్చింది, కరెక్టుగా ఫిట్ అయింది, ఐదు స్టార్లు" అని ఉంటాయి, అవి ఎందుకూ పనికిరావు. మొదటి వారం ఏ చెత్త పంప్ అయినా కారదు. కూలెంట్ కారకుండా ఆపే సీల్, పంప్ ఇరుసు తిరిగే బేరింగ్ ఈ రెండిటి సంగతి బయటపడేది రెండో ఏడో మూడో ఏడో.

బండి 2007 కొరోలా, 1.8 ఆటోమేటిక్, ఎంఎస్ చదివేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఇంటికి ఇంకో కారు వచ్చాక మా ఆవిడ దీన్ని అమ్మేయమని చెప్తూనే ఉంది, నేను వింటూనే ఉన్నా. ఇంజిన్ 1జెడ్‌జెడ్-ఎఫ్ఈ, ఇండియాలో 2003లో దిగిన కొరోలాలో కూడా ఇదే ఇంజిన్, కాబట్టి అక్కడ ఇంకా ఆ బండి పెట్టుకున్నవాళ్లకి కూడా ఇదంతా పనికొస్తది.

ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా లేదా అనేది మన చేతి పనితనం కంటే ఇంజిన్ మీద ఎక్కువ ఆధారపడి ఉంటది. ఇందులో టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన టైమ్‌కి తెరుచుకునేలా తిప్పేది) వేరే, దాని జోలికి పోనక్కర్లేదు, పంప్ బయటే ఉంటది, ఆల్టర్నేటర్‌నీ ఏసీ కంప్రెసర్‌నీ తిప్పే బెల్టే దీన్నీ తిప్పుద్ది. అదే హోండా పైలట్ వీ6 అనుకోండి, టైమింగ్ బెల్టే పంప్‌ని తిప్పుద్ది, ఆ బెల్ట్ వేసేటప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయితే ఇంజిన్‌కే దెబ్బ. ఫోర్డ్ 3.5 వీ6 అడ్డంగా కూర్చున్న బండ్లలో అయితే పంప్ ఇంజిన్ లోపలే, చైన్‌తో తిరుగుద్ది. అలాంటివి ఇంటి ముందు ఆదివారం పెట్టుకునే పనులు కావు, డబ్బులిచ్చి చేయించుకోండి. హైదరాబాద్‌లో అయితే తెలిసిన షెడ్డులో పొద్దున బండి వదిలితే సాయంత్రానికి తెచ్చుకోవచ్చు, ఇక్కడ లేబరే పంప్ ధరకి ఎన్నో రెట్లు ఉంటది కాబట్టి నాలాంటి వాళ్లు రెంచ్ పడుతున్నారు, అంతే తేడా.

నిజానికి ఈ బండికి అంతకుముందే ఒక షాపులో పంప్ వేయించా, పేరు అనవసరం, వాళ్లు వేసింది ఏ కంపెనీదో బిల్లు మీద కూడా లేదు, రెండేళ్లు నిలవలేదు. మొదట కూలెంట్ రిజర్వాయర్‌లో లెవెల్ కొంచెం కొంచెంగా తగ్గేది, కింద నేల మీద మాత్రం ఏమీ కనపడేది కాదు. టార్చ్ వేసి చూస్తే పంప్ కింద ఇంజిన్ బ్లాక్ మీద గులాబీ రంగు పొక్కు కట్టి ఉంది. పంప్ బాడీకి వీప్ హోల్ అని చిన్న కన్నం ఉంటది, లోపల సీల్ పోతే కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా అక్కడినుంచి బయటికి వస్తది, వేడికి నీళ్లు ఆవిరైపోయి రంగు పొక్కు మాత్రం మిగులుద్ది. అందుకే నేల మీద మరక ఉండదు. తర్వాత బేరింగ్ కూడా మొదలెట్టింది, బియ్యం వెయ్యకుండా గ్రైండర్ ఆన్ చేసినట్టు ఒక గరగర. ఇంకా ఆగితే ఇంజిన్ వేడెక్కుద్ది, ఇది మొత్తం అల్యూమినియం, ఒక్కసారి బాగా కాగిందంటే హెడ్ (ఇంజిన్ పై భాగం) వంగి దాని కింద గ్యాస్కెట్ పోద్ది, అప్పుడు బండి ఖరీదు కంటే రిపేరు ఖరీదు ఎక్కువ.

ఐసిన్ ఎందుకంటే అది టయోటా గ్రూపు కంపెనీయే, టయోటా ఇంజిన్లకి పంపులు చేసేది వాళ్లే. టయోటా డీలర్ అమ్మే డబ్బా కాకపోయేసరికి రేటు బాగా తగ్గింది. బెల్ట్ ఎక్కే పుల్లీ పంప్‌తోనే వస్తది, గ్యాస్కెట్ కూడా డబ్బాలోనే ఉంది. పాతది పీకాక రెండూ పక్కపక్కన పెట్టి చేత్తో తిప్పి చూశా, కొత్తది బరువుగా, ఎక్కడా పట్టకుండా తిరుగుతోంది, పాతదాని పుల్లీ పట్టుకుని ఊపితే టకటకమని ఆడుతోంది.

పని సంగతికొస్తే, ఇంజిన్ చల్లగా ఉండాలి, రాత్రి పార్క్ చేసిన బండిని పొద్దున్నే మొదలెట్టడం మంచిది, వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలుద్ది. కుడిచేతి వైపు ముందు చక్రం తీసి, బండిని జాక్ స్టాండ్ మీద నిలబెట్టి (ఉత్త జాక్ మీద ఎప్పుడూ కాదు), పక్కనున్న ప్లాస్టిక్ కవర్ విప్పాలి, దాని క్లిప్పులు ఎలాగూ విరుగుతాయి కాబట్టి ముందే నాలుగు కొని పెట్టుకోండి. బెల్ట్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్‌కి 19 ఎంఎం రెంచ్ పడుద్ది, పొడుగాటి పిడి ఉన్నది కావాలి. బ్యాటరీ నెగటివ్ తీసేసి ఆల్టర్నేటర్ కూడా పక్కకి తప్పిస్తే చెయ్యి ఆడటానికి చోటు దొరుకుద్ది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కి దారి తెరిచేది) కూడా అక్కడే దాని వెనక ఉంటది కాబట్టి ఎలాగూ విప్పాం కదా అని అదీ మార్చేశా.

రేడియేటర్ కింద డ్రెయిన్ తిప్పి మొత్తం ఖాళీ చేశాం కదా అనుకుంటాం గానీ బ్లాక్‌లో ఇంకా బోలెడు ఉంటది, పంప్ ఊడగానే అదంతా భళ్ళున మీద పడుద్ది, కింద వెడల్పాటి ట్రే పెట్టుకుని మొహం పక్కకి పెట్టుకోండి. ఆ కూలెంట్‌ని కాలవలో పారబొయ్యొద్దు. తియ్యగా ఉంటది, కుక్కలు, పిల్లులు నాకితే చచ్చిపోతాయి. మూతున్న క్యాన్లలో పోసి సిటీ వాళ్ల హజార్డస్ వేస్ట్ సెంటర్లో ఇచ్చేయాలి. ఇంకోటి, అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు లీజు ఒకసారి చదువుకోండి, పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని చాలా వాటిల్లో రాసి ఉంటది.

ఇప్పుడు అసలు విషయం, బోల్టులు. పంప్‌కి ఆరు బోల్టులు, అన్నీ 10 ఎంఎం తలే, కానీ పొడవులు రెండు రకాలు. అట్టముక్క మీద పంప్ బొమ్మ గీసి ఏ బోల్ట్ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టా, ఎందుకంటే పొడుగుది పొట్టిదాని కన్నంలో వేసి బిగిస్తే అడుగు తగిలి ఆగిపోద్ది, మనం బిగిసిందనుకుంటాం, పంప్ మాత్రం బిగవదు. టార్క్, అంటే బిగింపు బలం, కూడా చాలా తక్కువ, పొట్టివాటికి 9 న్యూటన్ మీటర్లు, పొడుగువాటికి 11. చక్రాల నట్లు బిగించే పెద్ద టార్క్ రెంచ్ ఇక్కడ పనికిరాదు, అది ఇంత తక్కువలో సరిగ్గా చెప్పదు, మనం క్లిక్ కోసం చూస్తూ ఉంటాం, ఈలోపు అల్యూమినియం మర పోద్ది. ఇంచ్ పౌండ్లలో కొలిచే చిన్న రెంచ్ కావాలి, కొనక్కర్లేదు, ఆటోజోన్ లాంటి చోట డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగిచ్చాక డబ్బులు వెనక్కి ఇచ్చేస్తారు. ముందు అన్నీ చేత్తోనే చివరిదాకా ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. రబ్బర్ గ్యాస్కెట్ కాబట్టి సీలెంట్ పుయ్యాల్సిన పని లేదు. బ్లాక్ మీద పాత పొక్కుని ప్లాస్టిక్ గరిటెలాంటిదానితో గీకండి, ఇనుప బ్లేడుతో గీకితే గీతలు పడి అక్కడినుంచే కారుద్ది.

కూలెంట్ టయోటా పింక్ పోశా, అది ముందే నీళ్లు కలిపి వస్తది, మళ్లీ కలపొద్దు. సిస్టమ్ మొత్తానికి ఆరున్నర లీటర్లు, కానీ పాతది కొంత లోపలే ఉండిపోద్ది కాబట్టి అంత పట్టదు. టెక్సాస్‌లో ఎండలే కదా ఉత్త నీళ్లు పోస్తే పోలా అని మా ఫ్రెండ్ ఒకడు అన్నాడు, ఆ తర్వాత కొన్ని నెలలకే, 2021 ఫిబ్రవరిలో, ఇక్కడ మైనస్ 19 సెల్సియస్‌కి పడిపోయింది, నీళ్లు పోసి ఉంటే బ్లాకే పగిలేది. కూలెంట్‌లో చిక్కుకున్న గాలి తియ్యడానికి ఇందులో వేరే స్క్రూ లేదు, మూత తీసి గరాటు పెట్టి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, ఫ్యాన్ తిరిగేదాకా ఐడిల్‌లో ఉంచి, పైన గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని నొక్కుతూ ఉండాలి. బుడగలు ఆగిపోయి లోపల హీటర్ గాలి వేడిగా వస్తోందంటే అయిపోయినట్టే. తర్వాత వారం రోజులు పొద్దున్నే రిజర్వాయర్ చూసుకోండి, కొంచెం తగ్గుద్ది, పొయ్యండి.

ఇక ఐదేళ్ల అనుభవం. మొదటి నెలలో వీప్ హోల్ కింద చిన్న తడి మచ్చ కనపడి గుండె జారింది, కొత్త సీల్ కుదురుకునేటప్పుడు అలా కొంచెం చెమర్చడం మామూలే, తుడిచేశా, మళ్లీ రాలేదు. బండి కంప్యూటర్ లెక్కలు చూపించే ఓబీడీ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో టెంపరేచర్ అప్పుడప్పుడు చూస్తుంటా, థర్మోస్టాట్ 80-84 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకునేది, హైవే మీద బండి ఎనభై ఐదు, తొంభై మధ్యలో నడుస్తది, ఎండలో ఆగి ఉంటే ఇంకొంచెం పైకి వెళ్లి ఫ్యాన్ పడగానే దిగుద్ది. వేసినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ టార్చ్ వేసి పంప్ కింద చూస్తా, పొడిగానే ఉంది. బెల్ట్ మాత్రం మధ్యలో ఒకసారి మార్చాల్సొచ్చింది, అప్పుడు పంప్ పుల్లీ పట్టుకుని ఊపి చూశా, కదలిక లేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇప్పుడు ఏదో చిన్న టక్ టక్ వస్తోంది గానీ అది టెన్షనర్‌ది, పంప్‌ది కాదు.

లోపం చెప్పమంటే డబ్బాలో ఒక్క కాగితం ముక్క ఉండదు, టార్క్ ఎంతో, ఏ బోల్ట్ ఎక్కడో మనమే వెతుక్కోవాలి. ఆ రేటుకి ఓ చిన్న చీటీ పెట్టొచ్చు. అది తప్ప అనడానికేం లేదు.

ఆ పింక్ కూలెంట్‌ని, ఫ్యాక్టరీలో పోసింది ఒకసారి మార్చాక, ఐదేళ్లకో యాభై వేల మైళ్లకో మార్చాలి, మనది ఈ చలికాలానికి టైమ్ అయిపోయింది. డ్రెయిన్ చేసి కొత్తది పోస్తా, పంప్‌ని ముట్టుకోను.